ఈ-డ్రమ్ ప్యాడ్ కొనేముందు లోపలి ట్రిగ్గర్లను పోల్చి చూసే పద్ధతి: మొదటి దెబ్బ నుంచి చివరి దాకా

"సెంటర్ కోన్ ఉన్నది తీసుకోనా, సైడ్ ట్రిగ్గర్ ఉన్నది తీసుకోనా, రబ్బర్ ప్యాడ్‌తోనే సరిపెట్టుకోనా" అని అడిగినవాళ్లకి ఇప్పటిదాకా విడివిడిగా జవాబు చెబుతూ వచ్చాను. ఈసారి మొత్తం పద్ధతి ఒకేచోట పెడుతున్నాను. ట్రిగ్గర్ అంటే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ లోపల దెబ్బని పసిగట్టి సిగ్నల్‌గా మార్చే సెన్సర్, ఆ సిగ్నల్ అందుకుని శబ్దం పలికించే పెట్టె మాడ్యూల్. షాపులో పది నిమిషాలు వాయించి, హెడ్‌ఫోన్‌లో స్నేర్ బాగా వినబడింది కదా అని డబ్బు కట్టేస్తే, మీకు నచ్చింది మాడ్యూల్‌లో ఉన్న సౌండ్. ప్యాడ్ ఎలాంటిదో మీకింకా తెలియదు.

చదివేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ప్రతి ట్రిగ్గర్‌లోనూ లోపాలుంటాయి. కొన్ని మాడ్యూల్ సెట్టింగ్స్‌తో పోతాయి, కొన్ని డ్రమ్ కీ, ఫోమ్ ముక్కతో పోతాయి, కొన్ని ఏం చేసినా పోవు. మనం పట్టుకోవాల్సింది ఆ మూడో రకాన్నే.

## 1. ముందు ప్యాడ్ లోపల ఏముందో చూడండి

మెష్ ప్యాడ్ (పైన కొట్టే హెడ్ వలలా ఉండేది) అయితే టార్చ్ వేసి పైనుంచి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. రబ్బర్ ప్యాడ్‌కి మాన్యువల్ చూడాలి, లేదా వెనక ప్లేట్ విప్పాలి. మీకు ఎదురయ్యేవి ఎక్కువగా ఇవే:

ప్లేట్‌కి అతికించిన పీజో. రబ్బర్ కింద లోహపు ప్లేట్, దాని అడుగున పీజో డిస్క్ (కదలికకి వోల్టేజీ పుట్టించే పల్చటి బిళ్ల). దెబ్బకి ప్లేట్ అంతా ఒక్కసారే కదులుతుంది కాబట్టి మధ్యలో కొట్టినా పక్కన కొట్టినా తేడా తక్కువ. మెత్తని దెబ్బల్ని మాత్రం రబ్బర్ కొంత మింగేస్తుంది.

మెష్ కింద సెంటర్ కోన్. పీజో మీద ఫోమ్ కోన్ నిలబడి ఉంటుంది, దాని కొస మెష్ అడుగుకి ఆనుతుంది. మెత్తని దెబ్బలు బాగా అందుతాయి. సరిగ్గా కోన్ మీద పడ్డ దెబ్బ మాత్రం పక్కన పడ్డదానికన్నా గట్టిగా పలుకుతుంది. దీన్నే హాట్ స్పాట్ అంటారు.

అంచున ఒక్క కోన్. అదే కోన్‌ని మధ్యలో కాకుండా షెల్ (డ్రమ్ చుట్టుగోడ) అంచుకి బిగిస్తారు. హాట్ స్పాట్ పోదు, చోటు మారుతుందంతే. అకూస్టిక్ డ్రమ్‌ని మెష్‌కి మార్చుకునేవాళ్లు ఎక్కువగా వాడేది ఇదే.

ఎక్కువ సెన్సర్లు. మూడు నాలుగు కోన్‌లు చుట్టూ పెడతారు. ఇక్కడ ఒక తేడా తప్పకుండా అడిగి తెలుసుకోండి: అన్నిటినీ ఒకే వైరుకి కలిపారా, లేక ఒక్కోదాన్ని విడిగా చదువుతున్నారా? కలిపేస్తే దెబ్బ తగిలిన పీజో పుట్టించిన వోల్టేజీని మిగతావి పంచుకుంటాయి, పైగా అలలు ఒకదానికొకటి ఎదురైనప్పుడు సిగ్నల్ తగ్గుతుంది. విడిగా చదివితే దెబ్బ ఏ సెన్సర్‌కి ముందు చేరిందో చూసి, ఎక్కడ పడిందో లెక్కకట్టొచ్చు. రోలాండ్ పీడీ-140డీఎస్ లాంటి డిజిటల్ స్నేర్‌లో ఈ పని ప్యాడ్‌లోనే జరిగిపోయి యూఎస్‌బీ ద్వారా మాడ్యూల్‌కి వెళ్తుంది. అందుకే దానికి తగిన డిజిటల్ ఇన్‌పుట్ ఉన్న మాడ్యూల్ లేకపోతే ఆ ప్యాడ్ కొని లాభం లేదు.

ఎఫ్ఎస్ఆర్. ఒత్తిడికి రెసిస్టెన్స్ మారే పల్చటి ఫిల్మ్. డ్రమ్‌క్యాట్ అనే ప్యాడ్ కంట్రోలర్‌లో ఉండేది ఇదే. స్టాండ్ ఎంత ఊగినా దీనికి పట్టదు, ఒత్తితేనే పలుకుతుంది. కానీ పీజోలాగా సొంతంగా వోల్టేజీ పుట్టించదు, బయటి నుంచి ఇవ్వాలి. కాబట్టి మామూలు పీజో ఇన్‌పుట్‌కి నేరుగా తగిలిస్తే పనిచేయదు.

రిమ్ (ప్యాడ్ చుట్టూ ఉండే కట్టు), సింబల్ అంచుల్లో స్విచ్. రబ్బర్ కింద దాగిన పల్చటి పట్టీ. నొక్కారా లేదా అన్నది మాత్రమే చెబుతుంది, ఎంత గట్టిగా అన్నది చెప్పలేదు. ఆ లెక్క ప్రధాన పీజో నుంచి వస్తుంది.

## 2. సరంజామా

- ఒకటే మాడ్యూల్. రెండు ప్యాడ్‌లనూ దాని ఒకే ఇన్‌పుట్‌కి మార్చి మార్చి పెట్టాలి.
- ఒకటే టీఆర్ఎస్ స్టీరియో కేబుల్ (ప్లగ్ మీద టిప్, రింగ్, స్లీవ్ అని మూడు భాగాలుండేది)
- వెలాసిటీ అంకెలు (దెబ్బ బలాన్ని 127 దాకా చెప్పేవి) చూసే దారి: మాడ్యూల్ తెర, లేదా మాడ్యూల్ పంపే మిడి సంకేతాలను కంప్యూటర్‌లో చూపే మిడి మానిటర్ (విండోస్‌లో మిడి-ఆక్స్, మ్యాక్‌లో మిడి మానిటర్)
- ఒకటే జత స్టిక్స్
- 30 సెంటీమీటర్ల స్కేలు
- డ్రమ్ కీ, మాస్కింగ్ టేపు, పెన్ను, కాగితం

కేబుల్ గురించి గట్టిగానే చెబుతాను. ఒకసారి రిమ్ పలకడం లేదని ప్యాడ్ మొత్తం విప్పి, సోల్డరింగ్ కూడా మళ్లీ చేశాను, చివరికి చూస్తే తగిలించింది గిటార్‌కి వాడే మోనో కేబుల్. మోనో ప్లగ్ రింగ్‌ని స్లీవ్‌తో కలిపేస్తుంది. దాంతో పీజో ఉన్న రిమ్ మూగబోతుంది, స్విచ్ ఉన్న రిమ్ ఎప్పుడూ నొక్కి ఉన్నట్టే మాడ్యూల్‌కి కనిపిస్తుంది.

## 3. రెండు ప్యాడ్‌లనూ ఒకే స్థితికి తెచ్చుకోండి

ఇక్కడ తొందరపడితే మిగతా అంకెలన్నీ వృథా.

మెష్‌ని ఎదురెదురు లగ్‌ల (అంచు చుట్టూ ఉండే బిగింపు మరల) వరసలో, ఒక్కో లగ్‌కి సగం తిప్పు చొప్పున బిగించండి. స్కేలు నిలబెట్టి మధ్యలో వేలితో నొక్కి చూస్తే రెండు ప్యాడ్‌లూ ఇంచుమించు ఒకే లోతు దిగాలి. తర్వాత కోన్ చూడండి. హెడ్ తీసినప్పుడు కోన్ కొస షెల్ అంచు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు పైకి ఉండాలి. అసలు ఆనకపోతే మెత్తని దెబ్బలు అందవు, మరీ పైకి పొడుచుకొస్తే హాట్ స్పాట్ ముదురుతుంది.

మాడ్యూల్‌లో:

- ట్రిగ్గర్ టైప్: ఆ ప్యాడ్ మోడల్ పేరు ఉంటే అది, లేకపోతే దానికి దగ్గరి రకం (హెడ్‌కీ రిమ్‌కీ రెండు పీజోలా, హెడ్‌కి పీజో రిమ్‌కి స్విచ్చా అన్నది తప్పకుండా సరిపోవాలి)
- వెలాసిటీ కర్వ్ (దెబ్బ బలాన్ని అంకెగా మార్చే తీరు): లీనియర్
- క్రాస్‌టాక్ క్యాన్సెల్ (పక్క ప్యాడ్ కదలికకి పలకడాన్ని ఆపేది), రీట్రిగ్గర్ క్యాన్సెల్ (ఒక దెబ్బకి రెండు పలకడాన్ని ఆపేది): సున్నా, లేదా ఉన్నంతలో తక్కువ
- రివర్బ్, కంప్రెషన్: ఆఫ్
- సౌండ్: కౌబెల్ లాంటి పొట్టి, పొడి సౌండ్

సహాయపడే సెట్టింగ్స్ అన్నీ తీసేయడం ఎందుకంటే, అవి ఆన్‌లో ఉంటే ప్యాడ్ లోపాన్ని మాడ్యూల్ కప్పేస్తుంది. టైప్ మార్చగానే చాలా మాడ్యూళ్లు మిగతా అంకెల్ని తమంతట తామే మార్చేస్తాయి, కాబట్టి టైప్ ముందు, మిగతావి తర్వాత.

## 4. పై హద్దు, కింది హద్దు

వరస ముఖ్యం. ముందు గట్టి దెబ్బ.

మీరు నిజంగా కచేరీలో కొట్టేంత గట్టిగా పదిసార్లు కొట్టండి. సెన్సిటివిటీని మెల్లగా పెంచుతూ పోయి, పదిలో ఒకటి రెండు మాత్రమే 127 తాకే చోట ఆపండి. అన్నీ 127 వస్తుంటే పైభాగంలో తేడాలన్నీ పోయినట్టే.

ఇప్పుడు థ్రెషోల్డ్ (ఇంతకన్నా చిన్న సిగ్నల్‌ని పట్టించుకోవద్దని చెప్పే హద్దు) బాగా తగ్గించి, చేతులు తీసేసి అర నిమిషం చూడండి. కొట్టకుండానే పలుకుతుంటే, ఆగేదాకా ఒక్కో అంకె పెంచండి. ఆ తర్వాత స్టిక్‌ని రెండు సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదలండి. పదిసార్లూ పలకాలి. ఘోస్ట్ నోట్స్ (వినీవినబడని మెత్తని దెబ్బలు) వాయించేవాళ్లకి ఈ పరీక్షే ప్రాణం. థ్రెషోల్డ్ అంత కింద పెట్టినా పదిలో మూడు నాలుగు దెబ్బలు మాయమవుతుంటే, ఆ ప్యాడ్‌కి మెత్తని దెబ్బ అందడం లేదు. కోన్ ఆనడం లేదేమో ఒకసారి చూడండి. ఆనుతున్నా అంతే అయితే ఆ డిజైన్ హద్దు అంతే.

## 5. హాట్ స్పాట్ పటం గీయండి

అసలు పోలిక ఇక్కడే తేలుతుంది. దీనికి అరగంట పెట్టండి.

మాస్కింగ్ టేపు చిన్న ముక్కలతో ప్యాడ్ మీద తొమ్మిది గుర్తులు పెట్టండి. మధ్యలో ఒకటి, గడియారంలో 12, 3, 6, 9 ఉండే దిక్కుల్లో సగం దూరంలో నాలుగు, అంచుకి రెండు వేళ్ల దూరంలో నాలుగు. అంచున సెన్సర్ ఉన్న ప్యాడ్ అయితే ఆ సెన్సర్ మీద పదోది.

చేత్తో కొడితే ప్రతిసారీ ఒకే బలం రాదు. అందుకని స్టిక్‌ని బొటనవేలు, చూపుడువేలు మధ్య వదులుగా, ఇరుసులాగా పట్టుకుని, కొసని స్కేలు పక్కన 15 సెంటీమీటర్లకి ఎత్తి వదిలేయండి. మణికట్టు కదపకండి. ఒక్కో గుర్తు మీద ఐదుసార్లు. అంకెలన్నీ రాసి, మధ్య విలువ తీసుకోండి (ఐదింటినీ వరసలో పెడితే మూడోది). సగటు తీస్తే ఒక్క పొరపాటు దెబ్బ లెక్కంతా చెడగొడుతుంది.

అంకెల్ని ఎలా చదవాలంటే:

- మధ్యలో 110, సగం దూరంలో 70, అంచున 62 వచ్చాయనుకోండి. ఇది అసలైన సెంటర్ కోన్ హాట్ స్పాట్. రోల్ వాయిస్తూ స్టిక్ కాస్త మధ్యకి జరిగితే చాలు, ఒక్క దెబ్బ అదాటున పేలుతుంది.
- మధ్యలో 80, అంచున 76, సెన్సర్ దగ్గర మాత్రం 118 వస్తే అది అంచు ట్రిగ్గర్. డ్రమ్‌ని తిప్పి సెన్సర్‌ని మీకు అవతలి వైపు పెట్టేస్తే సమస్య చాలావరకు తీరుతుంది. క్రాస్-స్టిక్ (స్టిక్‌ని హెడ్ మీద ఆనించి రిమ్‌ని తట్టడం) పెట్టేటప్పుడు స్టిక్ కొస ఎక్కడ ఆనుతుందో ఒకసారి చూసుకుని, అక్కడికి మాత్రం సెన్సర్ రాకుండా చూడండి.
- నాలుగు దిక్కుల్లో ఒకటి మాత్రమే బాగా తక్కువుంటే అది డిజైన్ తప్పు కాదు. హెడ్ ఒకవైపు వదులైంది, లేదా కోన్ వాలిపోయింది. సరిచేసి మళ్లీ కొలవండి.
- సెన్సర్లు చాలా ఉన్న ప్యాడ్‌లో రెండు సెన్సర్ల మధ్య ఒక గుంట కనిపిస్తే వాటిని ఒకే వైరుకి కలిపేశారేమోనని అనుమానించాలి.

కొందరు సెన్సిటివిటీ తగ్గించి హాట్ స్పాట్ పోయిందంటారు. పోదు. అన్ని చోట్లా కలిసి తగ్గుతుంది, మధ్యకీ పక్కకీ ఉన్న తేడా తేడాగానే ఉంటుంది. కర్వ్ మార్చినా అంతే, ఎందుకంటే దెబ్బ గట్టిగా పడిందా కోన్ మీద పడిందా అన్నది కర్వ్‌కి తెలియదు. నిజంగా పనిచేసేవి చేతిపనులే: హెడ్ కాస్త బిగించడం, అరిగిపోయిన కోన్ మార్చడం, కోన్‌కీ మెష్‌కీ మధ్య పల్చటి మెత్తని ఫోమ్ బిళ్ల పెట్టడం. ఫోమ్ పెట్టాక 4వ భాగంలోని మెత్తని దెబ్బల పరీక్ష మళ్లీ చేయండి, ఒకటి దిద్దబోయి ఇంకోటి పోగొట్టుకోకూడదు.

## 6. ఒక దెబ్బకి రెండు పలకడం, వేగానికి తప్పిపోవడం

ఈ రెండూ తక్కెడకి రెండు పక్కలు. మాస్క్ టైమ్ (ఒక దెబ్బ తర్వాత ఇంకోదాన్ని మాడ్యూల్ పట్టించుకోని వ్యవధి) పెంచితే ఒక దెబ్బకి రెండు పలకడం ఆగుతుంది, మరీ పెంచితే నిజం దెబ్బలు పోతాయి.

ఒక్కో గట్టి దెబ్బ, మధ్యలో విరామమిస్తూ, 20 సార్లు కొట్టండి. మానిటర్‌లో 20 నోట్లే రావాలి. ఎక్కువొస్తే మాస్క్ టైమ్‌ని సున్నా నుంచి నాలుగేసి మిల్లీసెకన్లు పెంచుతూ, ఆగిన చోటు రాసుకోండి.

ఆ అంకె ఎంత తక్కువైతే ప్యాడ్ అంత మంచిది. 180 టెంపోలో పదహారో నోట్ల మధ్య దాదాపు 83 మిల్లీసెకన్లు ఉంటుంది, 140లో ముప్పైరెండో నోట్ల మధ్య సుమారు 54. కాబట్టి మాస్క్ 10, 15 దగ్గర ఆగితే టెన్షన్ పడక్కర్లేదు. 30 దాటితేనే ఆగుతోందంటే ఫ్లామ్‌లు, ప్రెస్ రోల్స్ లాంటి బాగా దగ్గరదగ్గర దెబ్బలు తప్పిపోతాయి. హెడ్ మరీ వదులుగా ఉన్నా ఇలాగే అవుతుంది, ముందు అది బిగించి చూడండి.

స్కాన్ టైమ్ కూడా ఇక్కడే సరిచేయాలి. దెబ్బ మొదలయ్యాక దాని శిఖరం కోసం మాడ్యూల్ ఎంతసేపు ఎదురుచూడాలన్నది ఈ సెట్టింగ్. ఒకే ఎత్తు నుంచి వదిలిన దెబ్బలకి 60 ఒకసారి, 95 ఒకసారి వస్తుంటే, శిఖరం రాకముందే మాడ్యూల్ కొలిచేస్తోందన్నమాట. అర మిల్లీసెకను చొప్పున పెంచి చూడండి. మెత్తని ఫోమ్ ఉన్న ప్యాడ్‌లకి ఇది కాస్త ఎక్కువ కావాలి. పెంచిన మేరకు శబ్దం ఆలస్యమవుతుందని మర్చిపోవద్దు.

## 7. రిమ్

మూడు పనులు చేయించండి: రిమ్‌షాట్ (హెడ్‌కీ రిమ్‌కీ ఒకేసారి తగిలే దెబ్బ), మెల్లని క్రాస్-స్టిక్, హెడ్ మీద మాత్రమే గట్టి దెబ్బ.

- హెడ్ మీద కొడితే రిమ్ పలుకుతోందా? రెండు పీజోల ప్యాడ్‌లో ఇది రిమ్ సెన్సిటివిటీ తగ్గిస్తే పోతుంది.
- మెల్లని క్రాస్-స్టిక్ అందుతోందా? స్విచ్ రిమ్‌లకి ఇది కష్టం. పట్టీ నొక్కుకునేంత బలం కావాలి, అది ఏ సెట్టింగ్‌తోనూ మారదు.
- రిమ్ చుట్టూ కొడుతూ పోతే ఎక్కడైనా మూగచోటు ఉందా?

సింబల్‌కైతే అంచు పట్టుకుని చోక్ చేసి (మోగేదాన్ని ఆపి) చూడండి. మీరు నిజంగా ఏ వైపు నుంచి పట్టుకుంటారో అక్కడే స్విచ్ ఉండాలి.

## 8. క్రాస్‌టాక్

ప్యాడ్‌ని ర్యాక్‌కి బిగించి, పక్క ప్యాడ్‌ని, కిక్‌ని గట్టిగా కొట్టండి. మానిటర్‌లో కొట్టని ప్యాడ్ నోటు కనిపిస్తే, ఆ ప్యాడ్‌ని ర్యాక్ నుంచి తీసి చేత్తో పట్టుకుని మళ్లీ చూడండి. ఆగిపోతే కదలిక ర్యాక్ గుండా వస్తోంది: క్లాంప్ బిగించండి, క్లాంప్ మధ్య రబ్బర్ ముక్క పెట్టండి, కుదిరితే స్నేర్‌ని విడి స్టాండ్ మీదకి మార్చండి. ఆ తర్వాతే క్రాస్‌టాక్ క్యాన్సెల్ ముట్టుకోండి. దాన్ని బాగా పెంచితే రెండు ప్యాడ్‌లు ఒకేసారి కొట్టినప్పుడు మెల్లగా కొట్టింది పలకకుండా పోతుంది.

ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో వాయించే ఆక్టోప్యాడ్‌లకి ఈ పరీక్ష అన్నిటికన్నా ముఖ్యం. ఎస్పీడీ-30 లాంటి వాటిలో ఎనిమిది ప్యాడ్‌లూ ఒకే పెట్టెలో ఉంటాయి, విడదీసే వీలు లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ఒక్కో ప్యాడ్‌కీ ఒక్కో వేరే సౌండ్ పెట్టి, ఒకదాన్ని గట్టిగా కొడుతూ మిగతా ఏడూ మౌనంగా ఉన్నాయో లేదో చూడండి. ఎనిమిదింటికీ ఇలాగే. నాలుగు మూలలూ వేలితో తట్టి చూడటం కూడా మానొద్దు, ఏళ్ల తరబడి ఒకే ప్యాడ్ మీద డోలక్ బీట్ వాయించి ఉంటే అక్కడి రబ్బర్ మిగతావాటికన్నా ముందే అలసిపోతుంది.

## 9. ఆలస్యం

ఫోన్‌ని ప్యాడ్‌కీ స్పీకర్‌కీ ఒకే దూరంలో, దగ్గరగా పెట్టి రికార్డ్ చేయండి. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే స్టిక్ తగిలిన చప్పుడు, స్పీకర్ చప్పుడు రెండూ కనిపిస్తాయి. వాటి మధ్య దూరం కొలవండి. బ్లూటూత్ స్పీకర్ వద్దే వద్దు, దాని ఆలస్యమే అన్నిటినీ ముంచేస్తుంది. రెండు ప్యాడ్‌ల మధ్య తేడా ఒకటి రెండు మిల్లీసెకన్లుంటే వదిలేయండి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు

ఒక ప్యాడ్‌ని ఒక మాడ్యూల్‌తో, ఇంకోదాన్ని ఇంకో మాడ్యూల్‌తో పోల్చడం. అది ప్యాడ్‌ల పోలిక కాదు.

పాడైన పీజోని డిజైన్ తప్పు అనుకోవడం. పాత ప్యాడ్ బలహీనంగా పలికితే మల్టీమీటర్‌తో కెపాసిటెన్స్ చూడండి. 27 మిల్లీమీటర్ల మామూలు డిస్క్‌కి సుమారు 20 నానోఫారడ్ రావాలి. అందులో సగం కూడా లేకపోతే డిస్క్ పగిలింది, లేదా టంకం ఊడింది. కొత్తది అతికించేటప్పుడు గట్టిపడే జిగురు వద్దు, రెండువైపులా అంటుకునే ఫోమ్ టేపు వాడండి. వెండిరంగు భాగం మీద సోల్డరింగ్ ఐరన్ ఒకటి రెండు సెకన్ల కన్నా ఉంచకండి. వేసవిలో డాబా గదుల్లో ఉంచిన ప్యాడ్‌లకి టేపు జిగురే కరిగి పీజో జారిపోతుంది, ఇది నేను స్వయంగా రెండుసార్లు మార్చాను.

సొంతంగా ఆర్డువినోతో మాడ్యూల్ చేసేవాళ్లు పీజోని నేరుగా పిన్‌కి తగిలించడం. గట్టి దెబ్బకి పీజో పదుల వోల్టులు పుట్టించగలదు. పీజోకి సమాంతరంగా 1 మెగా ఓమ్ రెసిస్టర్, పిన్ దగ్గర వోల్టేజీని ఆపే డయోడ్‌లు పెట్టకుండా ఏ ప్యాడ్‌నీ పరీక్షించకండి.

## 11. అంకెలు చేతికొచ్చాక

కాగితం మీద రెండు ప్యాడ్‌లకీ పక్కపక్కనే ఈ ఆరూ రాయండి:

- రెండు సెంటీమీటర్ల దెబ్బల్లో పదికి ఎన్ని పలికాయి
- పటంలో అన్నిటికన్నా ఎక్కువకీ తక్కువకీ తేడా
- ఎంత మాస్క్ టైమ్ దగ్గర ఒక దెబ్బకి రెండు పలకడం ఆగింది
- మెల్లని క్రాస్-స్టిక్: అవును, కాదు
- ర్యాక్ మీద క్రాస్‌టాక్: ఉంది, లేదు
- మీ దగ్గరున్న మాడ్యూల్‌తో అన్ని జోన్‌లూ (హెడ్, రిమ్ లాంటివి) పనిచేశాయా

తప్పిపోయిన ప్రతిదాని పక్కన "సెట్టింగ్", "చేతిపని", "పోదు" అన్న మూడింటిలో ఒకటి రాయండి. "పోదు" అన్నది మీరు రోజూ వాయించేదాన్ని తాకితే ఆ ప్యాడ్ ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి. టామ్‌కి క్రాస్-స్టిక్ పోయినా నష్టం లేదు, స్నేర్‌కి పోతే రోజూ బాధే. నా లెక్కలో స్నేర్‌కి డబ్బు పెట్టాలి, సెన్సర్లని విడిగా చదివే ప్యాడ్, లేదా కోన్ చక్కగా కుదిరిన రెండు పీజోల మెష్ ప్యాడ్. టామ్‌లకి మామూలు సెంటర్ కోన్ చాలు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు రబ్బర్ కన్నా మెష్ తీసుకోండి, స్టిక్ చప్పుడు బాగా తగ్గుతుంది.

కొన్నాక మొదటి రెండు వారాల్లో కొత్త మెష్ కాస్త సాగుతుంది. అప్పుడు లగ్‌లు మళ్లీ బిగించి, 5వ భాగంలోని తొమ్మిది గుర్తుల కొలతలు ఇంకోసారి తీసి, పాత కాగితం మీదే పక్కన రాసిపెట్టుకోండి.